గోదావరి కుక్కకు పరగడుపు రక్తపరీక్ష

కుక్కకు రక్తపరీక్ష చేయించాలంటే ముందు రాత్రి నుంచి ఎనిమిది నుంచి పన్నెండు గంటలపాటు తిండి పెట్టకూడదు, నీళ్లు మాత్రం తాగనివ్వొచ్చు. ఈ నియమం పెట్టినవాడెవరో గాని, గోదావరి జిల్లాల్లో ఒక్క పూట కూడా భోంచేసి ఎరగడు. వీధిన పోయేవాణ్ణి ఆపి విస్తరేసే ఊళ్లలో, ఇంట్లో పెరిగిన బుజ్జిగాణ్ణి పస్తు పడుకోబెట్టమని చీటీ రాసివ్వడం శాంతిభద్రతల సమస్య.

దీనికి చారిత్రక కారణం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత డెల్టాలో ఏ ప్రాణీ ఖాళీ కడుపుతో పడుకోలేదని మా నాయనమ్మ వాదన. "కాటన్ దొర అంత చేసి పెడితే, మీ డాక్టరొచ్చి నోరులేని జీవాన్ని మాడుస్తాడా?" అని ఆవిడ అడిగితే పశువైద్య శాస్త్రంలో జవాబు లేదు. పిల్ల కుక్కలకీ, షుగర్ ఉన్నవాటికీ అంతసేపు పస్తు వద్దని డాక్టర్లే మినహాయింపు ఇస్తారు. అది తెలిసినప్పటి నుంచి ఎనిమిదేళ్ల కుక్కలు కూడా ఆ రాత్రికి పసిపిల్లలే.

తెల్లారాక బల్ల మీద విచారణ.

"రాత్రి ఏమైనా పెట్టారా?"

"అబ్బే, ఏమీ లేదండీ."

"ఏమీ అంటే?"

"గుక్కెడు పాలండి. ఉత్తి పాలు తాగడని కూసింత అన్నం కలిపామండి. నెయ్యి లేందే ముట్టడండి. ఆయ్, అంతేనండి."

"పొద్దున?"

"పొద్దున అసలేం పెట్టలేదండి. దారిలో గోల చేస్తుంటే ఓ కాజా ముక్క... తాపేశ్వరందేనండి!"

డాక్టరు గారు నిట్టూర్చి, ముందుకాలి మీద బొచ్చు తీసి, సూది గుచ్చి రెండు గొట్టాలు నింపుతారు. ఊదా మూత గొట్టంలో రక్తకణాల లెక్క. పిడుదులు కుట్టి టిక్ ఫీవర్ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోవడం అక్కడే బయటపడుతుంది. ఎర్ర మూతది గడ్డకట్టాక పైకి తేరే సీరంతో కాలేయం, కిడ్నీల సంగతి చూస్తారు. పరగడుపున ఉన్న కుక్క సీరం తేటగా ఉండాలి. మన బుజ్జిగాడిది చిక్కటి కొబ్బరిపాలు. తిన్న కొవ్వంతా అందులో తేలుతుంటే మిషన్ అంకెలు తప్పు చెబుతుంది. మర్యాద మా రక్తంలోనే ఉందని గోదావరి వాళ్లు చెప్పుకునేది ఉత్తి గొప్పలు కాదు, నిజమేనని ల్యాబు వాళ్లు రాసిచ్చినట్టే.

ఇక పులుసన్నం. ఉల్లిపాయ కుక్క ఎర్రకణాలను పగలగొడుతుంది, రక్తం తగ్గిపోతుంది. ఇది నిజం, సరదా కాదు. కానీ డాక్టరు గారు నోరు తెరిచేలోపే ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న సామెత ఎదురొస్తుంది. సామెత ముందు శాస్త్రం ఎప్పుడు నిలబడింది గనక!

అందుకని ప్రభుత్వానికి నా విన్నపం: రిపోర్టులో "నార్మల్" గడి పక్కన "గోదావరి నార్మల్" అని ఇంకో గడి అచ్చు వేయించాలి. సంక్రాంతి వారంలో అదీ చాలదు. అల్లుళ్ల విస్తళ్లలో మిగిలినవన్నీ ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు.

ఒక డాక్టరు గారు పడలేక, ముందు రాత్రే కుక్కను ఆసుపత్రిలో ఉంచుకున్నారు. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికెళ్లారు. పొద్దున తీస్తే సీరం మళ్లీ తెల్లగానే ఉంది. వెతికితే కిటికీ కింద నెయ్యి అంటిన అరిటాకు ముక్క దొరికింది. ఆరా తీస్తే నైట్ వాచ్‌మన్‌ది రాజోలట.