దమ్ము తగ్గాక తప్పే పాస్

2017 అక్టోబరు 9, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో కొలంబియాతో మన జట్టు మ్యాచ్. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ కొట్టాడు, జీక్సన్ సింగ్ తలతో గోల్ చేశాడు. ఫిఫా ప్రపంచకప్ పోటీల్లో మన దేశానికి అదే తొలి గోల్. స్కోరు 1-1. ఆ సంబరం సద్దుమణగకముందే, మరుసటి నిమిషంలోనే కొలంబియా రెండో గోల్ కొట్టింది. మ్యాచ్ పోయింది.

ఆ టోర్నీలో మన కుర్రాళ్లు మూడు మ్యాచ్‌లలో 9 గోల్స్ ఇచ్చారు. వాటిలో నాలుగు 80వ నిమిషం దాటాక పడ్డవే. అమెరికా 84లో, కొలంబియా 83లో, ఘనా 86, 87ల్లో కొట్టాయి. ప్రత్యర్థులు బలమైనవాళ్లే, కాదనను. అయినా ఇలా జరిగిన ప్రతిసారీ ‘ఏకాగ్రత లేదు’ అని పిల్లల మీద నెట్టేసి ఊరుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

శరీరం శ్రమపడితే బుద్ధి మందగిస్తుందని గంపగుత్తగా చెప్పలేం. టెర్రీ మెక్‌మోరిస్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1990లలో ఫుట్‌బాల్ ఆటగాళ్లను వ్యాయామ సైకిల్ తొక్కిస్తూ, ఆటలోని సన్నివేశాలు తెర మీద చూపించి ‘ఇప్పుడేం చేస్తావు?’ అని అడిగారు. శ్రమలో ఉన్నప్పుడు వాళ్లు ఇంకా త్వరగా జవాబిచ్చారు, తప్పులు కూడా పెద్దగా పెరగలేదు. ఒళ్లు వేడెక్కితే చురుకు పెరుగుతుందని వార్మప్ చేసిన ఎవరికైనా తెలుసు.

కానీ అక్కడ చూడాల్సిందంతా కళ్లెదురుగా తెర మీదే ఉంది. గ్రౌండ్‌లో అలా కాదు, ఎవరికి వారే వెతికి చూసుకోవాలి. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో మైదానం మధ్యభాగంలో ఆడే మిడ్‌ఫీల్డర్ల వీడియోలు పరిశీలించి, బంతి అందకముందే తల తిప్పి చుట్టూ ఎక్కువసార్లు చూసుకునేవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరైన చోటికి వెళ్తున్నాయని గుర్తించారు.

సాయంత్రం ఏ అకాడమీ గ్రౌండ్ దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. మొదటి పది నిమిషాల్లో పదమూడేళ్ల కుర్రాడు బంతి వచ్చేలోగా రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకుంటాడు. ఎవరు ఖాళీగా ఉన్నారో వాడికి ముందే తెలుసు, ఒక్క టచ్‌తో బంతి పంపేస్తాడు. చివరికొచ్చేసరికి అదే కుర్రాడు రొప్పుతూ, చేతులు నడుము మీద పెట్టుకుని, బంతినే చూస్తూ నిలబడతాడు. బంతి కాలికి తగిలాకే తల ఎత్తుతాడు. అప్పటికి డిఫెండర్ మీదికి వచ్చేసి ఉంటాడు. పరుగు మాత్రం ఆపడు, అందుకే వాడి అలసట కోచ్ కంటికి ఆనదు.

దీనికి తోడు మన పిల్లలు గ్రౌండ్‌కి వచ్చేదే సగం అలసిపోయి. పొద్దున్నుంచి స్కూలు, ఆ తర్వాత ట్యూషన్, రేపటి పరీక్ష టెన్షన్. మిచెల్ స్మిత్ అనే పరిశోధకుడి బృందం 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆటగాళ్లకు ముందుగా అరగంట పాటు రంగుల పేర్లను వేరే రంగు అక్షరాల్లో చూపించి, ఆ అక్షరాల రంగేదో గుర్తించమనే మెదడు పని ఇచ్చారు. ఆ అరగంటకే పాస్‌లలో తప్పులు పెరిగాయి, నిర్ణయాలు గాడి తప్పాయి. ఇక ఏడెనిమిది గంటల చదువు తర్వాత వచ్చిన పిల్లవాడి సంగతి చెప్పేదేముంది? పాస్ తప్పిందని వాడికే ఐదు రౌండ్లు శిక్ష వేస్తారు! అలసట వల్ల జరిగిన తప్పుకు మరింత అలసటే మందా?

మనం స్టామినాను ఒకవైపు, ఆటతెలివిని మరోవైపు విడివిడిగా నేర్పుతున్నాం. ఆటేమో రెండింటినీ ఒకేసారి అడుగుతుంది. నలుగురు నలుగురుగా చిన్న గ్రౌండ్‌లో ఆడిస్తే గుండె వేగం మ్యాచ్ స్థాయికి చేరుతుంది, నిమిషానికి ఎన్నోసార్లు నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ రోజుల్లోనే డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ వెళ్లడం) చేయకూడదని, బలహీనమైన కాలితోనే ఆడాలని నిబంధనలు పెట్టి పోటీలు నడిపేవారు. డ్రిబ్లింగ్ వద్దంటే పిల్లవాడు తల ఎత్తి తోటివాడిని వెతుక్కోక తప్పదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్లకు కోచ్ ఆయనే.

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది సెలక్షన్. ఒకే వయసు గ్రూపులో ఒకడికి అప్పటికే మీసం వచ్చి ఉంటుంది, ఇంకొకడు ఇంకా చిన్నపిల్లాడిలాగే ఉంటాడు. ఒకే పరుగుకు చిన్నవాడి ఒంటి మీద పడే భారం ఎక్కువ. ముందు పరుగు పరీక్ష పెట్టి, వెంటనే మ్యాచ్ ఆడిస్తే, చిన్నవాడు అలసిపోయి తప్పు పాస్‌లు ఇస్తాడు. సెలక్టర్ నోట్‌బుక్‌లో ‘గేమ్ సెన్స్ లేదు’ అని రాసుకుంటాడు. నిజానికి వాడికి లేనిది రెండేళ్ల ఎదుగుదల. పరుగు పరీక్షను వేరే రోజుకి మార్చాలి. మొదటి పావుగంటలో ఎలా ఆడాడో, చివరి పావుగంటలో ఎలా ఆడాడో విడిగా రాసుకోవాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, వచ్చే జిల్లా ట్రయల్స్ నుంచే మొదలుపెట్టవచ్చు.