ఉగాది నాటికలో అస్కారి

ఈసారి మన నైరోబీ తెలుగువాళ్ల ఉగాదికి పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల కూచిపూడి అన్నీ బాగానే జరిగాయి. నాటిక దగ్గరికొచ్చేసరికే మనసు చివుక్కుమంది. మనవాళ్లలో ఒకాయన మొహానికి నల్లరంగు పులుముకుని అస్కారి (ఇక్కడి సెక్యూరిటీ గార్డు) వేషం కట్టాడు. గేటు దగ్గర కునుకు తీయడం, పిల్లాడి బూట్లు నొక్కేయడం, వంకర తెలుగులో "అమ్మగారూ, చాయ్" అని దేబిరించడం, మొదటి నుంచి చివరిదాకా అదే. హాలంతా ఈలలు. మన ఫంక్షన్‌కి కాపలా వచ్చిన అసలు అస్కారీలు, ప్లేట్లు తీసే అమ్మాయిలు వెనక గోడ దగ్గర నిలబడి చూస్తున్నారు. మొహాన ఆ రంగు దేనికో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"సరదాకి వేసిందండీ, దానికింత టెన్షన్ ఎందుకు?" అన్నారు కమిటీలో ఒకరు. నిజమే, ఆఫీసు అయ్యాక నైరోబీ ట్రాఫిక్ దాటుకొచ్చి రిహార్సల్ చేసేవాళ్లని సంఘసంస్కర్తలు కమ్మంటే ఎలా? యాస మీద హాస్యం మనకేం కొత్త కాదు కూడా. శ్రీకాకుళం యాస వినిపిస్తే చాలు, మా ఊరి పందిట్లో పడీపడీ నవ్వేవాళ్లం. కానీ అక్కడ నవ్వులపాలైనవాడు మర్నాడు మన మీద ఇంకో నాటకం కట్టేవాడు. ఇక్కడ అస్కారికి ఆ వీల్లేదు. అతని జీతం మన చేతిలో ఉంది.

టీ తోటలు చూడ్డానికి మనం వెళ్లే లిమూరులోనే కామిరీథు ఉంది. అక్కడ 1977లో కెన్యా రచయితలు గూగీ వా థియాంగో, గూగీ వా మీరీ కలిసి అక్కడి జనం మాట్లాడే గికుయూ భాషలో ఒక నాటకం రాశారు. ఉన్న కాస్త నేలా పెద్దమనుషుల పాలైన కూలీ కుటుంబం కథ. ఆడింది రైతులు, కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు. ఆరుబయట రంగస్థలమూ వాళ్లే కట్టుకున్నారు. రిహార్సల్స్ అందరి ముందే జరిగేవి. పెద్దవాళ్లు ఇలా మాట్లాడరంటూ ఊరివాళ్లే స్క్రిప్టు దిద్దారు. అక్టోబరులో మొదలైన ప్రదర్శనల్ని ప్రభుత్వం నవంబరులో ఆపేసింది. డిసెంబరు ఆఖరున థియాంగోని పట్టుకెళ్లి విచారణ లేకుండా దాదాపు ఏడాది జైల్లో ఉంచింది. 1982లో ఆ రంగస్థలాన్నే కూల్చేసింది. వరవరరావు తనూ జైల్లో ఉండి ఈయన నవలను తెలుగు చేశారు కాబట్టి మనలో చదివేవాళ్లకి ఈ పేరు కొత్త కాదు.

మనల్ని జైలుకెళ్లమని ఎవరూ అనరు. వర్క్ పర్మిట్ల మీద బతికేవాళ్లం, ఇక్కడి రాజకీయాలు మన వేదికకి వద్దంటే సరే. దీపావళి నాటికలోనూ అస్కారి ఉంటే ఉండనివ్వండి, నవ్వించండి. ఆ రంగు డబ్బా మాత్రం పారేయండి. ముందుగా స్క్రిప్టుని మీ కాంపౌండ్ అస్కారికి స్వాహిలీలో చెప్పి వినిపించండి. సెలవు పెడితే జీతం కోసే మన అమ్మగార్ల మీద అతని దగ్గరా జోకులుంటాయి, వాటినీ చేర్చండి. ఆ వేషం తనే వేస్తానంటే వేయనిచ్చి, మేకప్ మనిషికి ఇచ్చినట్టే అతనికీ డబ్బులివ్వండి.