సూదిమొన మోపినంత ప్రగతి

సూది కోసం సోదికెళ్తే పాత బాగోతమంతా బయటపడిందని సామెత. మా ఇంట్లో జరిగింది అక్షరాలా అదే. మా ఆయన నీలం చొక్కాకి బొత్తం ఊడింది. ఊడింది ఉగాదికి. డిసెంబరు చివరి ఆదివారం ఆయన "సూది ఎక్కడుంది?" అని ఒక్క మాట అడిగి, నేను జవాబిచ్చేలోపే మంచం కింద చెయ్యి పెట్టారు. ముందు ఒక కవరు వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక జిప్పు పట్టని సంచి. అరగంటలో హాలు నిండిపోయింది. ఒంటిచేతి జాకెట్టు, అసలు చేతులే లేని బుజ్జి స్వెట్టరు, గుండుసూదుల బలం మీద నిలబడ్డ కుర్తీ, ముందు భాగం మాత్రమే ఉన్న కుషన్ కవరు, 11 ఊలు చదరాలు, నడుం పట్టీ లేని పరికిణీ. ఆ పరికిణీ మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా మొదలుపెట్టాను. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది.

సూది మాత్రం దొరకలేదు.

"అమ్మా, దీనిమీద శ్వేతపత్రం విడుదల చెయ్యాలి" అంది మా అమ్మాయి. మా ఇంట్లో ప్రతిపక్షం అదే. ప్రజాస్వామ్యం మీద గౌరవంతో ఒప్పుకున్నాను.

ముందే ఒక ఇబ్బంది మనవి చేసుకోవాలి. శ్వేతపత్రం అంటే ఎవరైనా గత ప్రభుత్వం మీద విడుదల చేస్తారు. ఖజానా ఊడ్చేశారు, అప్పులు మిగిల్చారు అని నాలుగు మాటలు అంటే పని అయిపోతుంది. నాకా వెసులుబాటు లేదు. కిందటేడూ నేనే అధికారంలో ఉన్నాను, అంతకుముందూ నేనే. అందుచేత ఈ పత్రంలో తప్పులు కొన్ని టైలరు మీద, కొన్ని అమెరికా మీద, మిగిలినవి వానల మీద వేయడమైనది.

ఇక "పూర్తి కాలేదు" అన్న ఆరోపణ. పోలవరానికి మొదటి పునాదిరాయి 1980ల మొదట్లో, నేనింకా పుట్టకముందు పడింది. పనులు ఇప్పటికీ నడుస్తున్నాయి. దాన్నెవరూ "మంచం కింద చెత్త" అనడం లేదు కదా! అమరావతికి ప్రధానిగారు 2015 అక్టోబరులో శంకుస్థాపన చేశారు, 2025 మే నెలలో మళ్లీ ఆయనే వచ్చి పనులు పునఃప్రారంభించారు. నా ఊలు దుప్పటిని నేను కూడా జనవరిలో ఒకసారి, వినాయకచవితి మర్నాడు ఒకసారి ప్రారంభించాను. రెండు ప్రారంభాల మధ్య తయారైన చదరాలు 4. ఆ తర్వాత 7. కావలసినవి 120. శాతాల్లో చెప్పమని ప్రతిపక్షం ఒకటే గొడవ. శాతాలు చెప్పను. పనులు శరవేగంగా సాగుతున్నాయి అని మాత్రం చెప్పగలను.

అదీగాక చిన్నప్పుడు బళ్లో బట్టీపట్టిన పద్యం ప్రకారం, అవాంతరాలకి భయపడి అసలు మొదలే పెట్టనివాళ్లు అధములు, మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లు మధ్యములు. అంటే నేను మామూలు మధ్యతరగతి మనిషిని. నామీద ఇంత విచారణ అవసరమా?

సరే, పద్దులవారీగా వద్దాం.

జాకెట్టు పద్దుకి మూలకారణం మా వీధి చివరి టైలరు. మా చెల్లి నిశ్చితార్థానికని ఇచ్చిన జాకెట్టు దాని పెళ్లి కూడా అయిపోయాక చేతికొచ్చింది, అదీ ఒక హుక్కు తక్కువగా. ఎప్పుడెళ్లినా "రేపు రండి మేడమ్". ఆ కోపంలో, అత్తగారి కాలం నాటి తొక్కుడు మిషనుకి నూనె వేయించి, నా జాకెట్లు నేనే కుట్టుకుంటానని జనవరి 1న ప్రతిజ్ఞ చేశాను. ఆది జాకెట్టు పెట్టి పాత పేపరు మీద కొలతలు గీసుకున్నాను. వెనక భాగం బాగా వచ్చింది, ముందు టక్కులు పర్వాలేదు. చేతుల దగ్గరే దెబ్బ పడింది.

చెయ్యి కత్తిరించడంలో ఒక కిటుకుంది. చంక దగ్గర ముందువైపు కాస్త లోతుగా తియ్యాలి, వెనకవైపు తక్కువ తియ్యాలి. ఒక చెయ్యి అయ్యాక రెండోదానికి ఆ కాగితాన్ని తిరగేసి పెట్టుకోవాలి. రాత్రి పదకొండింటికి, డైనింగ్ టేబుల్ మీద, ఒకపక్క పెరుగు తోడుపెట్టిన గిన్నె, ఇంకోపక్క కత్తెర. ఆ తిరగేయడం ఒక్కటి మర్చిపోయాను. బుటా ఒకవైపే ఉన్న పట్టు గుడ్డ, తిరగేసి వాడుకోవడానికీ లేదు. కుట్టి తొడుక్కుని చూస్తే కుడిభుజం దేవుడిచ్చినట్టు కుదిరింది, ఎడమభుజం మెలితిరిగి వీపువైపు చూస్తోంది. రెండూ కుడిచేతులే! మిగిలిన గుడ్డ కొలిచాను. జేబురుమాలుకి సరిపోతుంది. ఆ రెండో కుడిచెయ్యి విప్పి దాచాను. దుర్గమ్మవారికైతే పనికొచ్చేది.

ఆ జాకెట్టుకి ఇంకో ముక్క తెచ్చి ఎడమచెయ్యి వెయ్యాలని ఫిబ్రవరి నుంచి అనుకుంటున్నాను. పెళ్లిళ్ల సీజన్లో మా చెల్లి "అయిందా అక్కా?" అని అడిగితే నా నోట్లోంచి నాకు తెలియకుండానే "రేపు" అని వచ్చింది. ఆ టైలరు మీద కోపం పోయింది. పాపం, ఆయనకీ ఎక్కడో ఒక ఎడమచెయ్యి మిగిలిపోయి ఉంటుంది.

వేసవి మొత్తం టెన్షన్‌తో గడిచింది. అంటే మిషను మీద ఉండే టెన్షన్. పైదారం ఎంత బిగుతుగా రావాలో సరిచేసే చిన్న మర. మే నెలలో కుర్తీ మొదలుపెట్టగానే గుడ్డ అడుగున దారం కాకిగూడులా ముద్దకట్టడం మొదలైంది. అడుగున చిక్కుపడుతోంది కాబట్టి అడుగునున్న బాబిన్‌దే, అంటే కిందిదారం చుట్టే కండెదే తప్పనుకున్నాను. బాబిన్ మార్చాను, దాని డబ్బా మార్చాను, షటిల్ ఊడదీసి తుడిచాను. చివరికి తెలిసిందేమిటంటే, దారం ఎక్కించేటప్పుడు గుడ్డని నొక్కిపట్టే ప్రెజర్ ఫుట్ పైకెత్తాలి. దించి ఉంచితే దారం టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదు, పైదారం వదులైపోయి కిందంతా ముద్దకడుతుంది. లోపం పైన, గోల కింద. పదిహేను రోజులు నేను అమాయకపు బాబిన్‌ని సస్పెండ్ చేసి విచారించాను. ఇది కుట్టుమిషనుకి మాత్రమే సంబంధించిన వ్యాఖ్య అని, దీన్ని ఏ పాలనావ్యవస్థకీ అన్వయించవద్దని మనవి.

కొత్త బాబిన్లు తేవడానికి సికింద్రాబాద్ జనరల్ బజారుకి వెళ్లిన మాట నిజం. 6 మీటర్ల కలంకారీ గుడ్డతో తిరిగొచ్చిన మాటా నిజం. బాబిన్లు మర్చిపోయాను. కొనుగోళ్ల శాఖ ఈ ఏడాది లక్ష్యాన్ని దాటింది, అమలు శాఖకే వానలు అడ్డొచ్చాయి. వానలకీ మిషనుకీ ఏమిటి సంబంధం అని అడగొద్దు, ఆరేసిన బట్టలన్నీ తెచ్చి దానిమీదే వేస్తాం.

గుడ్డల నిల్వ మీద కూడా అపోహలున్నాయి. అందులో సగం నేను కొన్నది కాదు, శ్రావణమాసం పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు. జాకెట్టు ముక్కని కుట్టుకునే వస్తువుగా భావించడమే మనం చేసే మొదటి తప్పు. అది కరెన్సీ. 80 సెంటీమీటర్లుంటుంది. నా కొలతలకి మీటరు కావాలి. ఆ సంగతి ఇచ్చేవాళ్లకీ తెలుసు, పుచ్చుకునే నాకూ తెలుసు. మూడేళ్ల కిందట వరలక్ష్మీవ్రతానికి ముదురాకుపచ్చ ముక్క ఒకటి మా పై ఫ్లాటావిడకి ఇచ్చాను. దాని మూల చిన్న పసుపు మరక, నా బొటనవేలిదే. ఈ శ్రావణంలో కింద ఫ్లాటావిడ నాకు బొట్టుపెట్టి, తాంబూలంలో పెట్టి, అదే ముక్క ఇచ్చింది. అదే మరక. మడత కూడా విప్పలేదు. రెండు అంతస్తులు దిగి మధ్య అంతస్తుకి రావడానికి దానికి మూడేళ్లు పట్టింది. దాని ప్రయాణాన్ని కత్తెరతో ఆపే అధికారం నాకెక్కడిది?

ఇక అల్లికల పద్దు. ఇక్కడ అంతర్జాతీయ కుట్ర ఉంది.

మా తోడికోడలికి అయిదో నెల అనగానే పాపాయికి స్వెట్టరు అల్లుతానని నలుగురిలో ప్రకటించాను. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో ఒక బ్రిటిష్ అల్లికల పుస్తకం దొరికింది. అల్లడం నేర్చుకున్నది మాత్రం ఒక అమెరికా ఆవిడ వీడియోలు చూసి. క్రోషే అంటే కొక్కెం ఉన్న ఒక్క సూదితో అల్లే అల్లిక. పుస్తకంలో డబుల్ క్రోషే అనే కుట్టు పేరు ఉన్నచోటల్లా ఆవిడ చూపించిన డబుల్ క్రోషే అల్లుకుంటూ పోయాను. నాకేం తెలుసు? అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారట. అమెరికా డబుల్ బ్రిటన్‌కి వెళ్లేసరికి ట్రెబుల్ అవుతుంది. పేరొకటే, ఎత్తు వేరు. పొట్టి కుట్టు ఉండాల్సిన ప్రతి వరసలో పొడుగు కుట్టు పడింది. వెడల్పు పసిపాపకి సరిపోయినంతే ఉంది, పొడుగు మాత్రం పెరుగుతూనే ఉంది. చివరికది చలికాలంలో పొట్లకాయకి తొడిగే చొక్కాలా తయారైంది. 1776లో విడిపోయినప్పుడు కుట్ల పేర్లు కూడా తేల్చుకుని ఉండాల్సింది.

పాపాయి పుట్టింది, బోర్లాపడింది, అన్నప్రాశన అయింది, ఇప్పుడు పాకుతోంది. స్వెట్టరుకి చేతులు రావాలి. హైదరాబాద్ చలి సంగతి తెలిసిందేగా, ఉన్ని బట్టలు అటక మీద నుంచి దించేలోపు శివరాత్రి వచ్చి శివశివా అని వెళ్లిపోతుంది. వచ్చే ఏటికి చూద్దాం. అప్పటికి పాపాయి పొడుగు స్వెట్టరు పొడుగుని అందుకునే అవకాశాలున్నాయి, వెడల్పు సంగతి తర్వాత.

కార్తీకమాసంలో మా మేనత్త మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి వచ్చింది. ఆవిడది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. సోఫా మీద నా ఊలు చదరం ఒకటి చూసి, కళ్లజోడు సర్దుకుని, అటూఇటూ తిప్పింది.

"ఏంటే అమ్మాయ్ ఇది?"

"గ్రానీ స్క్వేర్ అత్తయ్యా."

"అంటే?"

"గ్రానీ అంటే అమ్మమ్మ."

"మా అమ్మమ్మ గానీ చూసుంటే చేతిమీద ఒక్కటిచ్చేది. ఎన్నాళ్లు పట్టిందే?"

వారం అని అబద్ధం చెప్పాను. ఆవిడ కొస పట్టుకుని లాగింది. అల్లిక ఒక్కసారిగా సర్రున ఊడి, ఉంగరాల జుట్టులా ఆవిడ ఒళ్లో పడింది. ఎదురుగా టీవీలో సీరియల్ నడుస్తోంది. ఆవిడ చూపు కోడలి మీద, చేతులు నా సూది మీద. ప్రకటనలు వచ్చేసరికి చదరం తయారు. మూలలు చాకుతో కోసినట్టున్నాయి. నేను నెలల తరబడి తర్వాత చూసుకుందాంలే అని వేలాడదీసిన దారం కొసలు ఆ అల్లికలోనే ఎక్కడో మాయమైపోయాయి.

ఆవిడ పదేళ్లప్పుడు మొదలుపెట్టిందట లేసు. 19వ శతాబ్దంలో మిషనరీలతో గోదావరి డెల్టాకి వచ్చిన పని ఇది. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి అరుగు మీదా పాకిపోయింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకెళ్తాడు, ముక్కల లెక్కన డబ్బులిస్తాడు. ఆ ముక్కలు సముద్రాలు దాటి పరాయి దేశాల టేబుళ్ల మీద పరుచుకుంటాయి. క్రోషేని అచ్చంగా అల్లే యంత్రం ఇప్పటికీ లేదు కాబట్టి ప్రతి కుట్టూ ఎవరో ఒకావిడ వేళ్లలోంచి రావాల్సిందే. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ ఊళ్లు తిరిగి 1982లో పుస్తకం తెచ్చారు. పొద్దస్తమానం అల్లే ఈ ఆడవాళ్లు లెక్కల్లో మాత్రం కార్మికులు కారని, ఖాళీ టైములో ఏదో అల్లుకునే గృహిణులుగా మిగిలారని ఆవిడ చెప్పిన మాట. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి గుర్తింపు వచ్చిందని చెప్తే మా అత్తయ్య "ఆహా" అంది, సీరియల్లోంచి తల తిప్పకుండా.

"నెలకి ఎన్ని ముక్కలు అల్లేదానివి అత్తయ్యా?" అని అడిగాను.

"ఆ లెక్క నాకెందుకే, ఏజెంటుకి తెలుసు."

ఆవిడకి ముక్కకింత ఇచ్చేవారు. నేను ముక్కకింత ఖర్చుపెడుతున్నాను. ఆవిడది కాలక్షేపం, నాది ప్రాజెక్టు. (ఈ పేరా ప్రతిపక్షం పట్టుబట్టి చేర్పించింది. అత్తయ్య అల్లిన ఆ చదరాన్ని 11లో కలిపి లెక్కేశానని కూడా అదే కనిపెట్టింది. వెల్లడిస్తున్నాను.)

వచ్చే ఏడాది లక్ష్యాలు ప్రకటించమన్నారు. కుర్తీకి గుండుసూదులు తీసేస్తాను. కుడతానని అనలేదు.

పత్రం ఇంతవరకు వచ్చేసరికి డిసెంబరు 31 అయింది. మా ఆయన కొత్త క్యాలెండరు తగిలించడానికి వంటింట్లో పాతది దించారు. మార్చి కాగితానికి, ఉగాది గడి పక్కన, సూది గుచ్చి ఉంది. దానికి నీలం దారం ఎక్కించి, కొసకి ముడి కూడా వేసి ఉంది. ఆరోజు పచ్చడి కలుపుతూ, బొత్తం ఇప్పుడే కుడదామని నేనే గుచ్చాను. ఆయన ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుని, నాలుగు పోట్లు వేసి, దారం పళ్లతో తెంపారు.

పూర్తయిన ప్రాజెక్టుల జాబితాలో మొదటి పేరుగా "నీలం చొక్కా, బొత్తం (1)" అని రాశాను. సూదిలో దారం ఎక్కించింది నేనే కదా. రెండో పేరు లేదు. ఆ చొక్కా వేయించి, ఆయన పక్కన నిలబడి ఫొటో దిగాను. ఫొటోలో కత్తెర నా చేతిలోనే ఉంది.