నడుముకి దోపుకునే తుపాకిని చిన్నది చేసింది దొంగలు కాదు

మా డాలస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ల ధరల తర్వాత ఈమధ్య ఎక్కువగా నడిచే చర్చ, "ఏ గన్ కొనాలి అన్నా?". సిగ్ పీ365 అని ఒకాయన, గ్లాక్ అని ఇంకొకాయన. పైగా "నేరాలు పెరిగాయి, అందుకే ఇలాంటి గన్స్ వచ్చాయి" అని ఉచిత జ్ఞానం. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అమెరికాలో హింసాత్మక నేరాల రేటు 1990ల మొదట్లో శిఖరానికి చేరి, 2018 నాటికి సుమారు సగానికి పడిపోయింది. జేబు తుపాకుల వ్యాపారం ఊపందుకున్నది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే!

అంతకుముందు సంగతి వేరు. 1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ వచ్చింది, ఆరు తూటాల బుల్లి రివాల్వర్. 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్‌లో ఐదే. మఫ్టీ పోలీసులు దశాబ్దాల పాటు అలాంటివాటితోనే నెట్టుకొచ్చారు. మామూలు మనిషికి చాలా రాష్ట్రాల్లో తుపాకి దాచుకుని బయట తిరగడానికి పర్మిట్ రావడమంటే అధికారి దయ. 1987లో ఫ్లోరిడా, అర్హత ఉంటే పర్మిట్ ఇచ్చి తీరాల్సిందే అంది. ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది, 1995లో మా టెక్సస్ కూడా. కంపెనీలకి కొత్త బేరం దొరికింది.

అసలు తమాషా 1994 ఫెడరల్ చట్టంతో మొదలైంది. జనానికి అమ్మే కొత్త మ్యాగజైన్లలో, అంటే పిస్టల్ పిడిలోకి తోసే తూటాల డబ్బాల్లో, పది తూటాలు దాటకూడదన్నారు. పదే పట్టేదానికి అంత పెద్ద పిస్టల్ ఎందుకు? మరుసటి ఏడాదే అరచేతిలో ఇమిడే గ్లాక్ 26 వచ్చింది. 2004లో ఆ నిబంధన గడువు తీరిపోయింది కానీ చిన్న తుపాకి మోజు తీరలేదు. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ ఖాళీగా ఉంటే పెద్ద స్మార్ట్‌ఫోన్ కన్నా కాస్తే బరువు. 2018లో సిగ్ పీ365 అంగుళం మందంలోనే మ్యాగజైన్లో పది, చాంబర్లో (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో) ఒకటి పట్టించేసింది. ఆ పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే, కాదనను. కానీ దాన్ని కోరింది భయం కన్నా ఎక్కువగా చట్టమూ మార్కెట్టూ.

చిన్నదైతే వాడటం తేలిక అనుకోకండి. పిడి పొట్టిగా ఉంటే పట్టు చాలదు, తేలిగ్గా ఉంటే వెనక్కి గట్టిగా తంతుంది, గురి నేర్చుకోవడానికి ఎక్కువ సాధన కావాలి. ఇక్కడేమో 2021 సెప్టెంబర్ నుంచి, చట్టప్రకారం తుపాకి ఉంచుకోగల 21 ఏళ్లు నిండినవాళ్లకి పర్మిట్ కూడా అక్కర్లేదు. పర్మిట్ కోసం తప్పనిసరిగా కూర్చోవాల్సిన క్లాసు, కాల్చి చూపించాల్సిన పరీక్ష, రెండూ దాంతోపాటే పోయాయి.

ఇంకోటి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోవడం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. గ్రూపులో మోడల్ నంబర్లు గడగడా చెప్పే అన్నలూ, ముందు "ఏ గన్ కొనాలి" అని అడిగిన ఆ పిల్లాడి వీసా ఏంటో అడగండయ్యా.