క్యూ కడితే ర్యాంకు రద్దు

గణితంలో మోడల్ థియరీ అని ఒక శాఖ ఉంది, నియమాల చిట్టాని 'థియరీ' అని, ఆ నియమాలు పాటించే సంఖ్యల లోకాల్లాంటివాటిని 'మోడల్' అని పిలుస్తుంది. ఎవరు ఎవరికి ర్యాంకులిచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు కానీ, వీళ్ల పద్ధతి మీద మాత్రం సీరియస్‌గానే ఒక ఫిర్యాదుంది. ముందెవరో వెనకెవరో తెలిసి వరసలో నిలబడగలిగిన థియరీని 'అన్‌స్టేబుల్' అని పక్కన పెడతారు, ఆ తేడా చెప్పలేని దాన్ని పిలిచి మరీ 'స్టేబుల్' అని సర్టిఫికెట్ ఇస్తారు. ఇంతా చేసి, వరసంటే గిట్టని ఈ పెద్దమనుషులే అందరికీ ర్యాంకులు పంచుతారు.

వెటకారం కాదు, నిర్వచనమే అది. ఏదైనా ఫార్ములా సాయంతో అనంతంగా సాగే క్యూ కట్టగలిగితే దాన్ని ఆర్డర్ ప్రాపర్టీ అంటారు, ఏ ఫార్ములాకీ ఆ జబ్బు లేకపోతేనే థియరీ స్టేబుల్. పాపం వాస్తవ సంఖ్యలు చిన్నా పెద్దా చెప్పే గుర్తుని జేబులో దాచేసి, మాకు కూడిక, గుణకారం తప్ప ఏమీ తెలీదండీ అని వచ్చినా దొరికిపోతాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేది ఏదో ఒక సంఖ్యకి వర్గం, తిరగేసి తీసేస్తే కాదు. అయిపోయింది, క్యూ బయటపడింది! సంకీర్ణ సంఖ్యల దగ్గర ఈ తనిఖీ పారదు, అక్కడ ప్రతి సంఖ్యా ఏదో ఒకదానికి వర్గమే (అవి స్టేబుల్ కావడానికి ఇదొక్కటే కారణం కాదు లెండి).

ఇక ర్యాంకు. 1965లో మైకేల్ మోర్లీ తన కేటగోరిసిటీ సిద్ధాంతం (ఒక సైజులో ఒకే ఒక్క రకం మోడల్ ఉండే థియరీల సంగతి) కోసం తయారుచేసిన కొలత ఇది. ఖాళీ కాని పరిమిత సమితికి సున్నా. ఆపైన ఎదగాలంటే ముక్కలవ్వాలి: ఒకదాన్నొకటి తాకని ముక్కలు అనంతంగా కోసి, ప్రతి ముక్కకీ కనీసం ఇంత ర్యాంకుందని చూపిస్తే, మొత్తానికి ఇంకో మెట్టు. సంకీర్ణ సంఖ్యలన్నిట్నీ ఒక గీత అనుకుంటే, సమీకరణాలతో దాన్ని ఎన్నిసార్లు కోసినా ఒకవైపు పిడికెడు బిందువులే రాలతాయి, కనుక ర్యాంకు 1. జంటల తలాన్ని తీసుకోండి, నిలువు గీతలు అనంతంగా దొరుకుతాయి, ఒక్కోటి 1, అందుకని తలానికి 2. మనం చిన్నప్పట్నుంచీ డైమెన్షన్ అంటున్నదే, కొత్త యూనిఫాం. అన్నట్టు ఖాళీ సమితికీ మైనస్ 1 అని రాసి ఉంచారు, ఉనికే లేనివాడికి కూడా ఫైలు తెరిచిన నిజాయితీ ఇది.

అకరణీయ సంఖ్యల వరసలో ఏ అంతరం తీసుకున్నా అచ్చం దానిలాంటివే అనంతంగా లోపల దొరుకుతాయి, కోత ఆగదు, ర్యాంకు అనంతం. టాపర్ అనుకునేరు! 'మీకు ర్యాంకు ఇవ్వలేం' అని మర్యాదగా చెప్పడం అది.

అసలు అన్యాయం జరిగింది పూర్ణ సంఖ్యలకి. కూడిక తప్ప ఏమీ ఎరగని అమాయకులు. సరి, బేసి అని రెండుగా చీలతాయి, ఆ సగాలు మళ్లీ రెండుగా, అవి మళ్లీ. మోర్లీగారి లెక్కలో ర్యాంకు అనంతం, అప్లికేషన్ తిరస్కారం. అదే ఫైలు పట్టుకుని పక్క కౌంటర్లో డానియల్ లస్కార్ పెట్టిన యూ-ర్యాంకు దగ్గరికెళ్తే ఠక్కున 1 అని వేసి, సూపర్‌స్టేబుల్ (స్టేబుల్‌కన్నా ఒక మెట్టు పైన) అని స్టాంపు కొట్టి పంపిస్తారు. ఒకే మనిషి, ఒక కౌంటర్లో అనంతం, ఇంకో కౌంటర్లో ఒకటి. ఇదేమని అడిగితే కొలిచేది వేరండీ అంటారు. నిజమే, ఒకటి సమితుల్ని కోసి చూస్తుంది, ఇంకోటి ఫోర్కింగ్ (కొత్త సమాచారం తెలిసేకొద్దీ ఒక మూలకానికి ఉన్న స్వేచ్ఛ తగ్గడం) ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెడుతుంది. అయినా కడుపుమంట కడుపుమంటే.

ఈ స్టేబుల్ వర్గీకరణని పెంచి పెద్దచేసిన గణితవేత్త షెలా పుణ్యమా అని అన్‌స్టేబుల్ వాళ్లకీ కొత్త తరగతుల్లో పునరావాసం దొరికింది: సింపుల్, ఎన్‌ఐపీ, ఎన్‌టీపీ2, ఎన్‌ఎస్‌ఓపీ1, ఎన్‌ఎస్‌ఓపీ2... మొదట్లో ఉన్న 'ఎన్' అంటే 'లేదు' అని, మిగతా అక్షరాలు ఆ లేని జబ్బు పేరు. నీకేం వచ్చు అని ఎవరూ అడగరు, నీకేం లేదో చెప్పు చాలు. చివరి రెండు పోస్టులూ ఒకటేనని 2022లో స్కాట్ ముచ్నిక్ నిరూపించారు, అంతవరకు రెండు బోర్డులూ పక్కపక్కనే వేలాడాయి.

పూర్ణ సంఖ్యలు సూపర్‌స్టేబుల్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకునేలోపు ఎవరో వాటి చేతికి గుణకారం ఇచ్చారు. ఏ సహజ సంఖ్యైనా నాలుగు వర్గాల మొత్తమని లగ్రాంజ్ 1770లోనే చెప్పి ఉన్నాడు. తనిఖీ వాళ్లు పెద్దదాంట్లోంచి చిన్నది తీసివేసి చూశారు. మిగిలింది నాలుగు వర్గాల మొత్తం, తిరగేస్తే కాదు, క్యూ బయటపడింది. ఫ్రేము వెనక్కి తీసుకున్నారు.