సునాబెడ నుంచి సిల్వర్‌స్టోన్‌కు దారి ఎటు?

ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా తెలుగు ఇళ్లలో ఇంజనీరింగ్ పిల్లల్ని ఏమవుతావని అడిగితే ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ అనేవాళ్లు. ఇప్పుడు అక్కడక్కడా కొత్త జవాబు వినిపిస్తోంది: ఫార్ములా వన్‌లో ఏరోడైనమిక్స్ ఇంజనీర్, అంటే రేసు కారు మీద గాలి ప్రభావాన్ని చూసుకునేవాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తాయి. ఇక ఫోన్‌లో రేసులు ఎలాగూ ఉన్నాయి. ఆ మోజును నేను తప్పుపట్టను. ఆ మోజు కోసం ఇల్లు తాకట్టు పెట్టి కొనే డిగ్రీతోనే నాకు పేచీ.

ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ లాంటి చోట్ల మోటార్‌స్పోర్ట్ కోర్సులకు మంచి పేరుంది. ఫార్ములా వన్ జట్లలో ఎక్కువ భాగం సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్ ఉన్న ఆ దేశంలోనే ఉన్నాయి. ఆఖరికి మన మహీంద్రా రేసింగ్ వర్క్‌షాప్ కూడా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బాన్‌బరీలోనే ఉంది. కానీ ఫీజు, తిండి, అద్దె కలిపితే ఏడాదికి 40 లక్షలు సులువుగా దాటుతాయి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల వీసాను 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఏడాదిన్నరకు కుదిస్తున్నారు. అప్పు తీరేలోపు గడువు తీరిపోయే బేరం ఇది. అక్కడికి వెళ్లొద్దని కాదు, చేతిలో ఏమీ లేకుండా వెళ్లొద్దని నా మాట.

రేసు కార్ల డిజైన్‌లో అందరికంటే పెద్ద పేరు ఏడ్రియన్ న్యూవీది. ఆయన సౌతాంప్టన్‌లో చదివింది ఏరోనాటిక్స్. చివరి ఏడాది ప్రాజెక్టు మాత్రం కారు అడుగున గాలి పుట్టించే పీడనం మీద చేశారు. మోటార్‌స్పోర్ట్ డిగ్రీ లేకుండానే, విమానాల చదువునే కారుకు తిప్పుకున్నారన్నమాట.

అసలు ఆ ఉద్యోగంలో చేసే పనేమిటి? వేగం రెట్టింపయితే కారును నేలకు అదిమే బలం నాలుగింతలవుతుంది. ఆ బలంలో పెద్ద వాటా కారు అడుగుభాగం నుంచే వస్తుంది. దీన్ని కొలవడానికి కారు మోడల్ మీదకు గాలి వదిలే విండ్ టన్నెల్ ఉంటుంది, గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడానికి సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఫార్ములా వన్ రెండింటికీ పరిమితి పెట్టింది. టన్నెల్‌లో మోడల్ అసలు కారులో 60 శాతానికి మించకూడదు, గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. పరిమాణం తగ్గింది కాబట్టి గాలి స్వభావం ప్రకారం చూస్తే అది పూర్తి సైజు కారు గంటకు 108 కిలోమీటర్లతో వెళ్లడంతో సమానం. ట్రాక్ మీద కారు 300 దాటుతుంది! 2022 నుంచి 2025 దాకా ఉన్న నిబంధనల్లో ఎనిమిది వారాలకు మూల కోటా 320 టన్నెల్ రన్‌లు. ఛాంపియన్ జట్టుకు అందులో 70 శాతం, అంటే 224. పదో స్థానంలో ఉన్న జట్టుకు 368. గెలిచినవాడికి తక్కువ, ఓడినవాడికి ఎక్కువ (రిజర్వేషన్ల మీద వాదించుకునే మనవాళ్లకు ఇది కాస్త వినోదమే).

కాబట్టి కంప్యూటర్‌లో అందమైన రంగుల బొమ్మలు గీసేవాడి కంటే, ఏ రన్ అవసరమో, ఏ లెక్కను నమ్మాలో చెప్పగలిగినవాడికే అక్కడ విలువ. 2022లో అడుగు డిజైన్ నిబంధనలు మారాక వేగం పెరిగేకొద్దీ కార్లు నేలకు దిగడం, దగ్గరయ్యాక గాలి పట్టు తప్పి లేవడం, మళ్లీ దిగడం మొదలైంది. మెర్సిడెస్ లాంటి జట్టుకే అది ట్రాక్ మీదకు వచ్చాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. లెక్కకూ కొలతకూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడమే ఈ వృత్తిలో అసలు నైపుణ్యం.

అది నేర్చుకోవడం జయపురంలోనే మొదలుపెట్టొచ్చు. కారు వెనక అద్దం మీద ఊలు దారాన్ని బెత్తెడు ముక్కలుగా కత్తిరించి, ఒక కొసను మాత్రం టేపుతో అంటించండి. బొరిగుమ్మ వైపు చదునైన రోడ్డు మీద, ట్రాఫిక్ లేని పొద్దున పూట, 60 దగ్గర నిలకడగా నడపమని ఇంకొకరికి చెప్పి వెనక బండి నుంచి వీడియో తీయండి. వెనక భాగం నిటారుగా తెగిపోయిన చిన్న కారుకు దారాలు పిచ్చిగా కొట్టుకుంటాయి, కొన్ని ఎదురు తిరుగుతాయి కూడా. అద్దం వాలుగా దిగే సెడాన్‌కు పై వరస దారాలు చాలావరకు ఒద్దికగా పడుకుంటాయి. గాలి అద్దాన్ని ఎక్కడ వదిలేస్తోందో అక్కడ గీత గీయొచ్చు. తర్వాత అదే కారు ఆకారాన్ని ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూడండి, అది ఉచితమే. లెక్కలో వచ్చిన గీత, దారాలు చూపిన గీత కలవవు. ఎందుకు కలవలేదో రెండు పేజీల్లో రాయగలిగితే అది ఏ సర్టిఫికెట్ కంటే బరువైనది.

రెండో మెట్టు కోయంబత్తూరు దగ్గర కారి స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీ. విద్యార్థులే కారు కట్టి తీసుకెళ్లాలి. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు ఒక్కటే కాదు, డిజైన్ ఎందుకలా చేశారని జడ్జీలు నిలదీస్తారు, ఖర్చు లెక్క అడుగుతారు. ‘ఫలానా జట్టు పెట్టింది, మేమూ పెట్టాం’ అంటే మార్కులు పోయినట్టే. రాయగడలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా కోయంబత్తూరులో దిగొచ్చు. జట్టులో చోటు లేకపోయినా ఒకసారి వెళ్లి చూడటం మేలు.

ఇక బ్రాంచి సంగతి. ఆంధ్రాలో చదువుదామంటే 85 శాతం సీట్లు స్థానికులకే, మనవాళ్లలో చాలామంది నాన్‌లోకల్. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఒడిశా కౌన్సెలింగే ఎక్కువమందికి దిక్కు. అక్కడ పేరులో ‘ఆటోమొబైల్’ ఉందని కాకుండా మెకానికల్ తీసుకుని, ఫ్లూయిడ్ మెకానిక్స్, గణితం, పైథాన్ గట్టిగా పట్టుకుంటే రేసింగ్ రాకపోయినా విండ్ టర్బైన్లు, విమానాలు, ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నాయి.

మన పక్కనే సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది. సుఖోయ్-30 యుద్ధవిమానాలకు 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్ల కోసం 2024 సెప్టెంబరులో 26 వేల కోట్లు దాటిన ఒప్పందం దానితోనే కుదిరింది. అక్కడ జరిగేది తయారీ, ఓవర్‌హాల్. రేసు కారు డిజైన్‌కు నేరుగా సంబంధం లేదు. కానీ రేసు జట్లలో డిజైనర్ల వెనక మెషినిస్టులు, కాంపోజిట్ పనివాళ్లు, మోడల్ మేకర్లు, ఇన్‌స్పెక్షన్ వాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. సునాబెడ పనితనం ఆ జాతిదే. అయినా మన ఇళ్లలో డిప్లొమాను, అప్రెంటిస్‌షిప్‌ను ఇంకా తక్కువచూపే చూస్తారు. ఇంజన్ బ్లేడును మైక్రాన్ల లెక్కన తనిఖీ చేసి రిటైరైన తెలుగు పెద్దలు కోరాపుట్‌లో, విజయనగరంలో ఖాళీగా ఉన్నారు. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం కాలేజీలు విడివిడిగా అరకొర కార్లు కట్టే బదులు ఒక ఉమ్మడి జట్టు పెట్టి, నెలకోసారైనా వాళ్లను పిలిపించి, దారి ఖర్చు, భోజనం ఇచ్చి కూర్చోబెడితే, ఆ పెద్దల కోసం పెట్టేది ఒక విదేశీ సీటుకయ్యే ఖర్చులో పదో వంతు కూడా కాదు.