బాగే ఆమ్ మామిడి తోట కాదు

హైదరాబాద్‌లోని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ గురించి ఒక సందేశం ఫోన్లలో తరచూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: తోట అసలు పేరు బాగే ఆమ్, అంటే మామిడి తోట, అది నిజాం సొంత తోట, అక్కడి శాసనసభ పాత భవనం ఆయన ప్యాలెస్, మ్యూజియంలోని మమ్మీ ఈజిప్టు రాజు పంపిన కానుక, జూ కూడా ఒకప్పుడు అక్కడే ఉండేది. ఇందులో బాగే ఆమ్ అన్న పేరూ, చివరి మాటా తప్ప ఏదీ నిలవదు.

ముందు పేరు సంగతి. ఉర్దూలో మామిడిని ఆమ్ అనడం నిజమే కానీ, తోట పేరులోని ఆమ్ అరబ్బీ నుంచి వచ్చిన వేరే మాట. దానికి జనసామాన్యం అని అర్థం. చెవికి రెండూ ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. ఉర్దూలో రాసి చూస్తే మాత్రం మామిడి అనే ఆమ్, నెత్తిన గీత ఉన్న అలిఫ్ అనే అక్షరంతో మొదలవుతుంది, జనం అనే ఆమ్, ఐన్ అనే వంపు తిరిగిన అక్షరంతో మొదలవుతుంది. ఢిల్లీ ఎర్రకోటలోని ప్రజాదర్బారు మందిరం దివానే ఆమ్ పేరులో ఉన్నదీ ఈ రెండో ఆమ్ మాటే. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకు సర్ఫేఖాస్ భూములు గుర్తుండే ఉంటాయి. వాటి రాబడి నిజాం సొంత ఖర్చులకు వెళ్లేది. సొంతం అనే ఆ ఖాస్‌కు సరిగ్గా ఎదురు మాట ఆమ్. కాబట్టి అందరిదీ అని పేరులోనే ఉన్న తోటను నవాబు సొంతమని చెప్పడం ఆ పేరును తలకిందులు చేయడమే. పొద్దున్నే నడకకు వచ్చే పింఛనుదారుకూ, నాంపల్లి స్టేషన్లో రైలు దిగి చెట్టు నీడన మూట దించుకునే కూలీకీ ఆ పేరులో హక్కు ఉంది. ఈ పొరపాటు నన్ను బాధించేది అందుకే.

శాసనసభ భవనం ప్యాలెస్‌గా కట్టింది కాదు, టౌన్ హాల్‌గా కట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగర పౌరులు దాన్ని తలపెట్టారు. 1905లో మొదలైన పని 1913లో పూర్తయింది. ఆయన 1911లోనే మరణించారు. తెల్లటి గుమ్మటాలు చూసి రాజభవనమనుకోవడం సహజమే గానీ, అది ఆయన నివాసం కాదు.

మమ్మీని ఏ రాజూ పంపలేదు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని, 1920 ప్రాంతంలో నగరానికి తెచ్చారు. ఆయన దాన్ని ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇవ్వగా, ఉస్మాన్ అలీ ఖాన్ 1930లో తెరుచుకున్న మ్యూజియానికి అప్పగించారు. అంటే ఖాస్‌గా వచ్చిన వస్తువు కూడా చివరికి ఆమ్‌కే చేరింది.

జూ మాట మాత్రం నిజం. 1963లో నెహ్రూ జూలాజికల్ పార్కు తెరిచే ముందు వరకు జంతువులు ఈ తోటలోనే ఉండేవి.